బైబిలు మన చేతికి వచ్చిన త్రోవ

(శతాబ్ది మహోత్సవములలో సంఘ పెద్దల, యౌవనస్థుల కూటమి యెదుట చేసిన ప్రసంగ పాఠము)



కార్యవర్గము వారు మాకు ఇచ్చిన అంశము బైబిలు చరిత్ర. వ్రాతప్రతుల పేర్లు, తేదీలు వరుసగా చెప్పి కూర్చుండుట కష్టమైన పని కాదు. వేదాంత కళాశాలలో ఉన్న దినములలో వాటినన్నిటిని పరీక్ష కొరకు మేము కంఠస్థము చేసితిమి. అయితే కాపరి పనిలో మా యొద్దకు వచ్చిన ప్రశ్నలు పరీక్ష ప్రశ్నలవంటివి కావు. రెండు మూడు మాత్రము చెప్పెదము.

మా పాస్టరేటు అమ్మాయిని ఒక కతోలిక కుటుంబములో ఇచ్చిరి. కొన్ని నెలలకు ఆమె పుట్టింటికి వచ్చి, "అయ్యగారూ, అత్తగారింటి బైబిల్లో తోబీతు, యూదితు, మక్కబీయులు అని పుస్తకాలున్నాయి. మనవాళ్లు తీసేశారని వాళ్లంటారు, వాళ్లు కలిపారని మా నాన్నగారంటారు. కుటుంబ ప్రార్థనలో అవి చదివేటప్పుడు నేను కూర్చోవాలా, లేచిపోవాలా?" అని అడిగెను. మరియొకసారి ఇంజినీరింగు చదువుచున్న ఒక కుఱ్ఱవాడు ఫోనులో వీడియో చూపి, కాన్‌స్టంటైన్ చక్రవర్తి నికయ సభలో ఓట్లు వేయించి నాలుగు సువార్తలను ఉంచి తక్కినవి కాల్పించెనట, నిజమా అని అడిగెను. మూడవది ప్రశ్న కాదు, ఒక పెద్దాయన కోపము. దాని సంగతి దాని చోట చెప్పెదము.

కుఱ్ఱవాని ప్రశ్నకు జవాబు చిన్నది, ముందు అది ముగింతము. క్రీ.శ. 325లో నికయలో కూడిన సభ క్రీస్తు దైవత్వమును గూర్చి అరియసు చేసిన బోధను విచారించెను, ఈస్టరు పండుగ తేదీని గూర్చి నిర్ణయించెను, సంఘ క్రమమునకు 20 నిబంధనలు చేసెను. ఆ నిబంధనలలో బైబిలు గ్రంథముల పట్టిక ఒక్కటియు లేదు. ఆ ఓట్ల కథ తరువాతివారి కల్పన. నిజముగా జరిగినది దానికంటె నిదానమైనది, దానికంటె చిక్కైనది. ఒక రాజు ఆజ్ఞ ఇచ్చి ముగించియుంటే తగవులు అంత కాలము సాగకపోయి యుండును.

బైబిలు అను మాటకు మూలమైన గ్రీకు మాట బహువచనము. పుస్తకములు అని దాని అర్థము. నల్ల అట్ట, ఎఱ్ఱ అంచుల సంపుటమును చిన్ననాటినుండి చూచుచున్న మనము ఇది ఎప్పుడును ఇట్లే ఉండెనని తలంచెదము. నజరేతు సమాజమందిరములో మన ప్రభువు చేతికి ఇచ్చినది యెషయా గ్రంథపు చుట్ట ఒక్కటే. ధర్మశాస్త్రపు చుట్టలు వేరు, కీర్తనల చుట్ట వేరు. వాటినన్నిటిని ఒక్క చేతితో పట్టుకొని నడచిన మనుష్యుడు ఆ దినములలో లేడు.

ఒక గ్రంథము ఎట్లు పుట్టునో బైబిలే ఒకచోట మనకు చూపించుచున్నది. యిర్మీయా 36వ అధ్యాయము తెరచి చూడుడి. యిర్మీయా అప్పటికి ఇరువదిమూడు సంవత్సరములుగా నోటితో ప్రకటించుచుండెను. యెహోయాకీము ఏలుబడి నాలుగవ యేట ప్రవక్త చెప్పుచుండగా బారూకు వ్రాసెను. సిరాతో వ్రాసితినని బారూకే అధికారులకు చెప్పెను. సిరా సంగతి కూడ దాచని గ్రంథమిది. మరుసటి యేట దానిని దేవాలయములో చదివిరి, పిమ్మట రాజునొద్దకు తెచ్చిరి. చలికాలము, రాజు ఎదుట కుంపటి మండుచుండెను. మూడు నాలుగు భాగములు చదువగానే రాజు కత్తితో ఆ మేరకు కోసి కుంపటిలో వేయుచు చుట్టనంతటిని కాల్చివేసెను. దేవుని మాట కాలిపోయెనా? యిర్మీయా మరల చెప్పెను, బారూకు మరల వ్రాసెను. మొదటి చుట్టలో లేని మాటలు అనేకములు రెండవదానిలో చేర్చబడినవని అధ్యాయపు చివరి వచనమే చెప్పుచున్నది.

మాకు ఈ అధ్యాయము మిక్కిలి ఇష్టము. ప్రవక్త నోరు, లేఖకుని చెయ్యి, రాజు కత్తి, రెండవ ప్రతి, చేర్చిన మాటలు, ఇవన్నియు ఇందున్నవి. దేవుని వాక్యము ఆకాశమునుండి అట్టతో సహా దిగివచ్చెనని చెప్పవలెనని మనకు ఆశ పుట్టవచ్చును గాని బైబిలు తన్ను గూర్చి అట్లు చెప్పుకొనలేదు.

కథ అక్కడ ఆగలేదు. యిర్మీయా గ్రంథము సంఘమునకు రెండు రూపములలో వచ్చెను. హెబ్రీ ప్రతులలోనిది పెద్దది. పూర్వపు గ్రీకు అనువాదములోనిది దానికంటె సుమారు ఎనిమిదవ వంతు చిన్నది. అన్యజనులను గూర్చిన ప్రవచనములు అందులో చివర కాక నడుమ ఉన్నవి. గ్రీకు అనువాదకులు బద్ధకించి కుదించిరని కొందరు పండితులు చాలకాలము తలంచిరి. 1947 మొదలుకొని మృత సముద్రపు గుహలలో చుట్టలు దొరికినప్పుడు ఆ తలంపు నిలువలేదు. 4వ గుహలోని తునకలలో పెద్ద యిర్మీయాకు సరిపడు హెబ్రీ ప్రతులతోపాటు చిన్న యిర్మీయాకు సరిపడు హెబ్రీ తునక కూడ దొరికెను. మన ప్రభువు పుట్టకముందే రెండును హెబ్రీలో ఉండెనన్నమాట. నేడు మనమును కతోలికులును పెద్దదానిని చదువుచున్నాము. గ్రీకు ఆర్థడాక్సు సంఘము వారు చిన్నదానిని చదువుచున్నారు. ఏ సంఘమును రెండవవారి యిర్మీయా యిర్మీయా కాదని చెప్పి బహిష్కరించలేదు.

అవే గుహలలో దొరికిన గొప్ప యెషయా చుట్ట సంగతియు చెప్పవలెను, లేనియెడల చిత్రము ఒకవైపునకే వంగును. అంతకుముందు మనకు తెలిసిన హెబ్రీ యెషయా ప్రతులకంటె అది సుమారు వెయ్యి సంవత్సరములు పాతది. అక్షరములలో, మాటలలో భేదములు ఎన్నో ఉన్నను అది మనము చదువు యెషయాయే. చేతితో వ్రాసిన లేఖకులు ఎంత భయభక్తులతో వ్రాసిరో అది సాక్ష్యమిచ్చుచున్నది.

గ్రీకు అనువాదమనుచున్నాము, అది ఎక్కడిది? ఐగుప్తులోని అలెక్సంద్రియలో నివసించిన యూదులు హెబ్రీ మరచి గ్రీకు మాటలాడువారైరి. క్రీ.పూ. మూడవ శతాబ్దము మొదలుకొని వారికొరకు ధర్మశాస్త్రము, తరువాత తక్కిన గ్రంథములు గ్రీకులోనికి మార్చబడెను. డెబ్బదిరెండుమంది పెద్దలు దానిని అనువదించిరని ఒక కథ ఉండుటచేత దానికి డెబ్బదిమంది అనువాదమని పేరు వచ్చెను. అపొస్తలుల కాలపు సంఘము చాలమట్టుకు ఈ గ్రీకు బైబిలునే చదివెను. ఇంటికి వెళ్లిన తరువాత మన తెలుగు బైబిలులోనే 40వ కీర్తన 6వ వచనమును, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయము 5వ వచనమును ప్రక్క ప్రక్కన పెట్టి చదువుడి. ఒకచోట చెవుల మాట ఉండును, రెండవచోట శరీరపు మాట ఉండును. కీర్తన హెబ్రీనుండి మనకు వచ్చెను. పత్రిక వ్రాసినవాడు గ్రీకు కీర్తనను ఎత్తి చెప్పెను. అచ్చుతప్పు కాదు.

ఆ గ్రీకు బైబిలుతోనే తోబీతు, యూదితు, మక్కబీయుల గ్రంథములు, సీరాకు, సొలొమోను జ్ఞానగ్రంథము మొదలగునవి సంఘములలో వ్యాపించెను. యూదుల హెబ్రీ పట్టికలో అవి లేవు. యూదుల లెక్కలో గ్రంథములు 24. సమూయేలు, రాజులు, దినవృత్తాంతములు ఒక్కొక్కటిగాను, ఎజ్రా నెహెమ్యాలను ఒకటిగాను, చిన్న ప్రవక్తలు పన్నెండుగురిని ఒకటిగాను లెక్కించుటచేత 24. మనము విడదీసి లెక్కించినయెడల అవే 39. మరి క్రైస్తవునికి పాత నిబంధన ఏది, యూదుల హెబ్రీ గ్రంథమా, అపొస్తలులు చదివిన గ్రీకు గ్రంథమా? నేటికిని మన సంఘముల మధ్యనున్న భేదమునకు వేరు ఇక్కడ ఉన్నది.

ఈ ప్రశ్నమీద ఇద్దరు మహాభక్తులు తలపడిరి. జెరోము బేత్లెహేములో మఠములో కూర్చుండి హెబ్రీ నేర్చెను. ఆయనకు నేర్పిన యూదులలో ఒకడు తనవారికి భయపడి నికొదేమువలె రాత్రివేళ వచ్చెడివాడట. రోమా బిషప్పైన దమాసు 382 ప్రాంతమున లాటిను సువార్తలను సరిచూడుమని జెరోముకు పని అప్పగించెను. తరువాత జెరోము తనంతట తానే పాత నిబంధనను గ్రీకునుండి కాక హెబ్రీనుండి లాటినులోనికి మార్చుటకు పూనుకొనెను. ఆఫ్రికాలో హిప్పో బిషప్పైన అగస్టీనునకు ఇది నచ్చలేదు. 403లో ఆయన జెరోముకు వ్రాసిన జాబులో ఒక సంగతి తెలియజేసెను.

ఓయా అను పట్టణములో, అనగా నేటి లిబియాలోని ట్రిపోలిలో, బిషప్పుగారు జెరోము క్రొత్త అనువాదమునుండి యోనా గ్రంథమును చదివించిరి. యోనాకు నీడనిచ్చిన చెట్టు పేరు వచ్చెను. జనులు తరతరములుగా సొర అని వినుచుండిరి. జెరోము ఐవీ తీగ అని మార్చెను. గుడిలో గలిబిలి పుట్టెను. ముఖ్యముగా గ్రీకు భాషవారు ఇది తప్పుడు గ్రంథమని కేకలువేసిరి. బిషప్పుగారు దిక్కుతోచక ఆ ఊరి యూదులను పిలిచి అడుగగా, పాత అనువాదమే సరియని వారు చెప్పిరి. సంఘమంతయు తన్ను విడిచిపోవునను భయముతో బిషప్పుగారు దిద్దుకొనవలసి వచ్చెను. ఒక్క చెట్టు పేరుకొరకు!

ఈ సంగతి విని నవ్వవచ్చును గాని మన సంఘములలో పాత అనువాదమునకు మారుగా క్రొత్త అనువాదమును ఒక్క ఆదివారము చదివి చూడుడి. ఆరాధన ముగియకముందే చీటీలు వచ్చును. మన తెలుగు బైబిలులో ఆ చెట్టు నేటికిని సొరచెట్టుగానే ఉన్నది. సొర పాదుగా ప్రాకునే గాని చెట్టుగా ఎట్లు నిలిచెనని అడిగిన రైతు మా గ్రామములలో లేకపోలేదు. హెబ్రీ మాటకు ఆముదపు చెట్టు అని అర్థమై యుండునని నేటి పండితులలో అనేకుల అభిప్రాయము. జెరోముకు కూడ అది వెడల్పైన ఆకుల చెట్టని తెలిసెను; లాటినులో దానికి పేరు లేకపోవుటచేత ఐవీ అని పెట్టితినని జవాబు వ్రాసెను. సొరకాయ పక్షమువారని తన విరోధులను ఎత్తిపొడిచెను కూడ. జెరోము నాలుక మెత్తనిది కాదు.

అగస్టీను మాత్రము మూర్ఖముగా పట్టుబట్టలేదు. గ్రీకు సంఘములు ఒక బైబిలును, లాటిను సంఘములు వేరొక బైబిలును చదివినయెడల సంఘము రెండుగా చీలునేమో అను కాపరి భయము ఆయనది. యోనా గ్రంథములోనే మరియొక చిక్కు ఉన్నది. నీనెవె నాశనమునకు గడువు హెబ్రీలో నలువది దినములు, గ్రీకులో మూడు దినములు. అగస్టీను తన దైవనగరమను గ్రంథములో దీనిని విచారించి, యోనా నిజముగా పలికినది నలువది అయి యుండునని ఒప్పుకొనెను. అయినను ప్రవక్తలలో ఉన్న ఆత్మయే డెబ్బదిమంది అనువాదకులలోను ఉండెననియు, రెండింటిలోను క్రీస్తును చూడవచ్చుననియు వ్రాసెను. మూడు దినములు పునరుత్థానమునకును, నలువది దినములు ఆయన శిష్యులతో ఉన్న దినములకును గురుతులనెను. ఈ వ్యాఖ్యానము మాకు పూర్తిగా సమ్మతము కాదు. ప్రతి అంకెను క్రీస్తునకు ముడివేయుట మొదలుపెట్టినయెడల దానికి అంతముండదు. అయితే వాదములో ఎదుటివాని ప్రతిని నిప్పులో వేయకుండ ఉంచిన మనస్సును మేము గౌరవించుచున్నాము. ఆ ఇద్దరును భేదపడి యుండియే ఉత్తరములు వ్రాసికొనిరి, ఒకే బల్లనుండి రొట్టె తీసికొనిరి.

గ్రంథముల లెక్కలోను వారు ఒకటి కాలేదు. హెబ్రీలో లేనివాటిని సంఘము భక్తివృద్ధికొరకు చదువవచ్చును గాని సిద్ధాంతము స్థిరపరచుటకు వాడరాదని జెరోము వ్రాసెను. అగస్టీను వాటిని తక్కినవాటితో కలిపియే లెక్కించెను. ఆఫ్రికా సంఘ సభలు, 393లో హిప్పోలోను 397లో కార్తేజిలోను, అగస్టీను పక్షముననే నిలిచెను.

క్రొత్త నిబంధన సంగతి త్వరగా చెప్పెదము, మీరు వినియున్నదే గనుక. పౌలు పత్రికలు మొదట ఊరినుండి ఊరికి తిరిగెను. లవొదికయలోని పత్రికను తెప్పించుకొని చదువుడని కొలొస్సయులకు చెప్పెను; ఆ పేరుగల పత్రిక మన బైబిలులో లేదు. 144 ప్రాంతమున రోమా సంఘము వెలివేసిన మార్సియను పాత నిబంధనను పూర్తిగా త్రోసివేసి, కోసివేసిన లూకా సువార్తను, పౌలు పత్రికలు పదింటిని మాత్రము ఉంచెను. మన గ్రంథములు ఏవో తేల్చుకొనవలెనను తొందర సంఘమునకు కలుగుటకు అతడును ఒక కారణము. హెబ్రీయులకు వ్రాసిన పత్రికను పడమటి సంఘములు చాలకాలము అనుమానించెను, ప్రకటన గ్రంథమును తూర్పువారు అనుమానించిరి. యాకోబు, యూదా, రెండవ పేతురు, రెండవ మూడవ యోహాను పత్రికలు వివాదములో ఉన్నవని నాలుగవ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియు దాచక వ్రాసెను. నేటి మన 27 గ్రంథములను, ఎక్కువ తక్కువలు లేకుండ, పట్టికగా చెప్పిన మొదటి లేఖ మనకు తెలిసినంతలో అలెక్సంద్రియ బిషప్పైన అతనాసియు 367లో ఈస్టరు పండుగకు తన సంఘములకు వ్రాసినది. కాపరి జాబు అది, రాజాజ్ఞ కాదు. అప్పటికిని అందరును ఒప్పుకొనలేదు. సురియ భాషలోని పెషిత్తా బైబిలులో క్రొత్త నిబంధన గ్రంథములు 22 మాత్రమే. మన పొరుగున కేరళలోని పూర్వపు సురియాని క్రైస్తవులు తరతరములుగా చదివినది ఆ బైబిలే. ఇతియోపియ సంఘము వారి లెక్కలో మొత్తము గ్రంథములు 81. యూదా పత్రిక పేరెత్తి చెప్పిన హనోకు గ్రంథము వారి బైబిలులో నేటికిని ఉన్నది.

ఇప్పుడు ఆ పెద్దాయన కోపము. మా పాస్టరేటులో బైబిలు ధ్యానము జరుగుచుండగా యోహాను సువార్త 8వ అధ్యాయము వచ్చెను. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీని రాళ్లతో కొట్టవచ్చినవారి కథ. చేతిలో అధ్యయన బైబిలు ఉన్న ఒక యువకుడు, ఈ భాగము మిక్కిలి పాత ప్రతులలో లేదని అడుగున వ్రాసియున్నది, ఎందుకని అడిగెను. నిజమే, సీనాయి ప్రతి, వాటికను ప్రతి వంటివాటిలో అది లేదు. కొన్ని ప్రతులలో లూకా సువార్త 21వ అధ్యాయము చివర ఉన్నది. మేము ఆ మాట చెప్పుచుండగా ఒక పెద్దాయన లేచెను. "అయ్యగారూ, మా అమ్మకి అక్షరం ముక్క రాదు. చేయని తప్పుకి ఊళ్లో పంచాయితీ పెట్టి నలుగురిలో నిలబెట్టారు. ఆ తరవాత బైబిలమ్మగారొచ్చి ఈ కథ చెప్పింది. అది విని మా అమ్మ బాప్తిస్మం తీసుకుంది. ఇది బైబిల్లోది కాదంటే మా అమ్మ దేన్ని నమ్మినట్టు?"

గది నిశ్శబ్దమాయెను. ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పువాడు కాపరి కాడు. తరువాతి వారము ఆయన ఇంటికి వెళ్లి మాకు తెలిసినది చెప్పితిమి. ఈ కథ అనేక గ్రీకు, లాటిను ప్రతులలో ఉన్నదని జెరోమే వ్రాసెను. తమ భార్యలు దీనిని ఆధారము చేసికొందురేమో అని భయపడిన అల్పవిశ్వాసులు కొందరు దీనిని తమ ప్రతులనుండి తీసివేసిరని అగస్టీను అనెను. చెట్టు పేరుమీద కలియని ఆ ఇద్దరును ఈ కథ విషయములో ఒకే వైపున ఉన్నారు. మూడవ శతాబ్దములో సురియ దేశపు సంఘ క్రమ గ్రంథమొకటి పాపము ఒప్పుకొన్నవారిని చేర్చుకొనుడని బిషప్పులకు చెప్పుచు ఇటువంటి కథనే గురుతు చేసెను. యోహాను మొదట వ్రాసిన ప్రతిలో ఇది ఉండెనని చెప్పుటకు మాత్రము ఆధారము బలహీనము. సంఘము యేసును గూర్చి గుండెలో దాచుకొన్న సంగతి ఒకటి, ఉండుటకు చోటు వెదకుకొనుచు తిరిగి, కడకు ఇక్కడ కుదిరెనని మేము తలంచుచున్నాము. మేము దానిని ప్రసంగించుచున్నాము, ప్రసంగింతుము. ఆ పెద్దాయన అంతయు విని, "అయితే మా అమ్మ నమ్మింది ఆయన్నే కదా" అని మాత్రమనెను. ఆ యువకునితో ఇంకను సరిగా మాటలాడుట లేదు.

గ్రంథముల లెక్క తగవు వెయ్యేండ్లు నిద్రించి సంస్కరణ కాలములో లేచెను. లూథరు 1522లో ముద్రించిన జర్మను క్రొత్త నిబంధనలో హెబ్రీ, యాకోబు, యూదా పత్రికలను ప్రకటనను చివరకు జరిపెను. యాకోబు పత్రికను గడ్డితో పోల్చెను. తరువాతి ముద్రణలలో ఆ మాట తీసివేయబడెను, పత్రిక మాత్రము నిలిచెను. 1534 నాటి పూర్తి బైబిలులో తోబీతు మొదలగువాటిని రెండు నిబంధనల నడుమ వేరుగా పెట్టెను, పారవేయలేదు. 1546లో ట్రెంటు సభ వాటిని తక్కినవాటితో సమానమని శాసించెను. కతోలికుల లెక్క 73 అగుట అందువలన.

ఇక్కడ మన వంశవృక్షము చూచుకొనవలెను. మన డయాసిస్ పుట్టినది ఆంగ్లికన్ సంఘములో. 1571లో స్థిరపడిన ఆంగ్లికన్ వారి 39 మత నిబంధనలలో ఆరవది జెరోము పేరు పెట్టి, ఈ గ్రంథములను సంఘము మంచి నడవడికకు మాదిరిగా చదువును గాని సిద్ధాంతమునకు ఆధారముగా తీసికొనదని చెప్పుచున్నది. బేత్లెహేములోని ఆ ముక్కోపి మాట పన్నెండువందల యేండ్ల తరువాత మన నిబంధనలలోనికి వచ్చెను. 1611 నాటి ఇంగ్లీషు రాజు బైబిలులో అపోక్రిఫా ఉండెను. ఆంగ్లికన్ ఉదయకాల ప్రార్థనలో సృష్టియంతటిని దేవుని స్తుతింపుమని పిలుచు పెద్ద కీర్తన దానియేలు గ్రంథమునకు గ్రీకులో చేరిన భాగములోనిది. మన తాతలలో కొందరు అపోక్రిఫాను పాడుచు, అది వేషధారుల పుస్తకమని కూడ అనుచుండిరి!

మరి అది మన తెలుగు బైబిలులోనికి ఎందుకు రాలేదు? 1804లో లండనులో స్థాపింపబడిన బ్రిటిషు అండ్ ఫారిన్ బైబిలు సొసైటీలో అపోక్రిఫాను ముద్రించుటను గూర్చి గొప్ప కలహము పుట్టెను. స్కాట్లండు వారు తమ కానుకలు దానికి వాడరాదని పట్టుబట్టిరి. 1826లో సొసైటీ అపోక్రిఫా ఉన్న బైబిలునకు డబ్బు ఇయ్యకూడదని తీర్మానించెను. మద్రాసులో దాని శాఖ అప్పటికి ఆరేండ్లది. మన భాషలో లేఖనముల ముద్రణకు ఆధారముగా నిలిచినది ఆ సొసైటీయే. విశాఖపట్నములో కూర్చుండి సువార్తలను తెలుగు చేసిన మిషనరీలును, వారికి తోడైన ఆనందరాయరును ఈ ప్రశ్న విని ఎరుగరు. లండనులో కానుకల లెక్కమీద జరిగిన నిర్ణయము మన ఊళ్లకు 66 పుస్తకములుగా వచ్చెను. 66 తప్పని మేము చెప్పుట లేదు. జెరోము పక్షము మాకును సమంజసముగానే తోచుచున్నది. కతోలికులు కలిపిరని గాని మనము తీసివేసితిమని గాని ఒక్క వాక్యములో చెప్పుట మాత్రము చరిత్ర కాదు. 1968లో బైబిలు సొసైటీల సమాఖ్యయు రోమా సంఘమును కలిసి అనువాదములు చేయుటకు నియమములు వ్రాసికొనిరి. అంతదూరము పెద్దలు నడచిన తరువాత మన ఇండ్లలో కోడలు లేచిపోవలెనా అను ప్రశ్న మిగులుట విచారకరము.

గ్రంథములను వ్రాసినవారు ఎవరను తగవు మరియొకటి. అన్నిటిని చెప్పుటకు సమయము లేదు, ఒక్కటి చెప్పెదము, ఎందుకనగా అది మనవంటి మిషను సంఘమునుండి లేచెను. దక్షిణాఫ్రికాలో నేటాలు బిషప్పు కొలెన్సో బైబిలును జూలూ భాషలోనికి మార్చుచుండెను. జలప్రళయము వచ్చినప్పుడు ఆయనకు సహాయముచేయుచున్న విలియం ఎన్గిడి అను జూలూ విశ్వాసి, ఇదంతయు నిజముగా జరిగెనని మీరు నమ్ముచున్నారా, శీతల దేశపు జంతువులును ఉష్ణ దేశపు జంతువులును ఓడలోనికి వచ్చెనా, వాటికన్నిటికి మేత ఎక్కడిది అని అడిగెను. దేవుని నామమున అబద్ధమాడలేనని కొలెన్సోకు తోచెను. 1862లో ఆయన మోషే గ్రంథములను గూర్చి పుస్తకము వ్రాసెను. ఆయన మొదట లెక్కల పంతులు. అరణ్యములో నడచిన 6,03,550 మంది పురుషులను, గుడారములను, గొఱ్ఱెలను లెక్కవేసి అవి పొసగవని చూపెను. కేప్‌టౌను బిషప్పు 1863లో ఆయనను పదవినుండి తొలగించెను, 1865లో లండను ప్రివీ కౌన్సిలు ఆ తీర్పు చెల్లదనెను. ఆంగ్లికన్ బిషప్పులు 1867లో మొదటిసారి లాంబెత్‌లో కూడుటకు ఈ కలహము ఒక కారణము. జూలూలను మార్చబోయి జూలూ చేత మారెనని ఇంగ్లండులో ఎగతాళి చేసిరి.

కొలెన్సో గుణకారములన్నిటిని మేము ఒప్పుకొనుట లేదు. వాగ్దానము నెరవేరిన సంతోషముతో చెప్పిన కథను జమాఖర్చు పుస్తకమువలె చదువుట ఆయన బలహీనత. అయితే మోషే మరణమును, సమాధి సంగతిని ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయము చెప్పుచున్నది. ఇశ్రాయేలీయులకు రాజులు లేని కాలమని ఆదికాండము 36వ అధ్యాయములో ఉన్నదంటే, రాజులు వచ్చిన తరువాత ఎవరో ఆ మాట వ్రాసిరి. మోషేనుండి వచ్చిన ధర్మశాస్త్రము తరతరముల చేతులు దాటి గ్రంథమాయెనని మేము బోధించుచున్నాము. దీనిని ఒప్పుకొనని గురువులు ఈ వేదికమీదనే ఉన్నారు. వారితో కలిసియే రేపు ప్రభువు బల్ల నెరవేర్చెదము. 1879లో జూలూ దేశముమీద యుద్ధము జరిగినప్పుడు, తెల్లవారి కోపమునకు వెరువక జూలూలకు జరిగిన అన్యాయమును ప్రసంగపీఠమునుండి ఖండించినవాడు ఈ కొలెన్సోయే అని కూడ చెప్పవలెను. ఆయనను తప్పుడు బోధకుడని పిలిచినవారిలో అనేకులు ఆ దినమున మౌనముగా ఉండిరి.

మా అమ్మాయికి ఏమి చెప్పితిమో చెప్పి కూర్చుండెదము. కూర్చోమ్మా, లేవవద్దు అని చెప్పితిమి. తోబీతు గ్రంథము 8వ అధ్యాయములో తోబియాయు శారాయు పెండ్లి రాత్రి కలిసి ప్రార్థించిన భాగము చదువుమని కూడ చెప్పితిమి. క్రొత్తగా కాపురమునకు వెళ్లినవారికి అది మంచి పాఠము. దానిమీద సిద్ధాంతము కట్టవలసి వచ్చిననాడు జెరోమును జ్ఞాపకము చేసికొమ్మంటిమి. ఆమె తండ్రిగారు ఇంకను ఒప్పుకొనలేదు. వారు ఈ సభలోనే ఉన్నారు, భోజనముల తరువాత వాదించుటకు మేము సిద్ధముగా ఉన్నాము.

వచ్చే నెల మొదటి గురువారము సాయంకాలము 6:30 గంటలకు మా గుడి వరండాలో క్రొత్త ధ్యానవరుస ప్రారంభించుచున్నాము. పాఠము యిర్మీయా 36వ అధ్యాయము. కతోలిక ఇరుగుపొరుగువారును వచ్చెదమనిరి. ఎవరియొద్ద ఏ బైబిలు ఉన్నదో అది తీసికొని రావచ్చును.